ఆరు గంటల నిజం

స్టేషన్ ఎదురుగా ఉన్న గడియారాల రిపేరు కొట్టు అప్పుడే తెరిచారు. ఏజెంట్ ఉడత పాత అలారం టైంపీసు ఒకటి చేత్తో పట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు.

"ఇది ఎప్పుడూ ఆలస్యంగానే మోగుతోందండీ," అన్నాడు. అది కోడ్.

"నిద్రపోయేవాళ్లకి అదే మేలు" అని రిపేరర్ బదులు చెప్పాలి. చెప్పలేదు. కంటికి భూతద్దం బిగించుకుని బల్ల మీదకు ఒరిగిపోయి ఉన్నాడు. పైకెత్తి చూస్తే గుండెకు కాస్త కిందుగా చొక్కా గుండీ అంత ఎర్రటి మరక. అంత చిన్న తూటాలు వాడే తుపాకీ ఈ దేశంలో తయారు కాదు.

ఇంకా ప్రాణం ఉంది. ఉడత తన చెవిని అతని నోటి దగ్గర పెట్టాడు.

"సాయంత్రం ఆరింటి బులెటిన్," అన్నాడు రిపేరర్. "అందులో ఒక్క అబద్ధం కూడా ఉండదు. ఆపండి."

అంతే, పోయాడు. మూడేళ్లుగా శత్రు ముఠా మీద కన్నేసి ఉంచిన మనిషి, ఒక్క కబురు కూడా తప్పుగా చెప్పని మనిషి, పోతూ పోతూ ఈ మాట చెప్పి పోయాడు. యుద్ధం మొదలయ్యాక ప్రభుత్వ రేడియోలో అబద్ధం లేని బులెటిన్ వస్తుందంటేనే వింత. దాన్ని ఆపమనడం ఇంకా వింత. ఉడతకు దుఃఖమూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

ఉడత అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. పులి, డేగ, తోడేలు లాంటివి పైవాళ్ల దగ్గర మాట చెల్లేవాళ్లు ముందే పట్టుకుపోయారు. మనవాడు ఆ రోజు జ్వరంతో సెలవు పెట్టాడు. మర్నాడు వచ్చేసరికి ఇది మిగిలింది. ఇంట్లో తల్లికి మాత్రం తను ఇన్సూరెన్సు ఏజెంటునని చెప్పాడు. ఏజెంటన్నంత వరకూ అది నిజమే.

చీఫ్ గదిలో బ్రీఫింగ్ ఎప్పటిలాగే ముక్తసరిగా సాగింది. నగరానికి దక్షిణాన కొండ కనుమ దగ్గర మన బ్రిగేడ్ శత్రువును ఆపి ఉంచింది. ఫిరంగులకు గుండ్లు ఈ రోజుకే సరిపోతాయి. రాత్రికి మందుగుండు లారీలు నది అవతలి నుంచి రావాలి. రావడానికి ఉన్న దారి ఒకటే, పాత వంతెన.

"శత్రువు ఆ వంతెనని కూల్చడు," అన్నాడు చీఫ్. "రేపు తన ట్యాంకులు దాని మీంచే పోవాలి. కానీ ఈ రాత్రికి అది మనకి పనికి రాకూడదు. పగలగొట్టకుండా వంతెనని మూసెయ్యడం ఎలా? అది కనిపెట్టు."

కనుమ దగ్గర ఫిరంగి దళంలో ఉడత సొంత తమ్ముడున్నాడు. పెళ్లయి ఏడాది తిరగలేదు. ఆ సంగతి చీఫ్‌కి తెలుసు. చీఫ్‌కి తెలుసని ఉడతకూ తెలుసు.

ఉడత బులెటిన్ సంగతి ఎత్తాడు. చీఫ్ మొహం ముడుచుకుంది. బులెటిన్లు ప్రచార శాఖవి, మనవి కావన్నాడు. కార్ల షెడ్డు ఎవరిదనే గొడవలో ఆ శాఖకీ ఈ శాఖకీ మాటలు లేవు. అయినా రేడియో వాళ్లు నిజం చెబితే భయపడాల్సింది ఏముందని అడిగాడు. శత్రువు కూల్చడని తనే అన్నా, వంతెన కింద బాంబులు వెతకడానికి రెండు స్క్వాడ్లను పంపాడు. వాళ్లు మధ్యాహ్నం దాకా వెతికి ఒక పాత సైకిల్ టైరు పట్టుకొచ్చారు.

ఉడతకు మిగిలిన ఆధారం రిపేరర్ చివరిదాకా కాపు కాసిన చోటు. అది బజారు వీధిలో ఒక పళ్ల డాక్టరు క్లినిక్. నోళ్లు తెరిపించడమే వృత్తి కాబట్టి గూఢచారికి అంతకన్నా మంచి వేషం ఉండదు. ఆ డాక్టరు శత్రు ముఠాకు పెద్దతలకాయ అని డిపార్ట్‌మెంట్‌కి తెలుసు. తెలిసీ వదిలేయడానికి కారణం చిలుక.

చిలుక మన డబుల్ ఏజెంటు. ప్రచార శాఖలో ప్రకటనలు రాసే ఉద్యోగం. మన ఆర్డర్ల మీదే డాక్టరుకు దొంగ సమాచారం అమ్ముతుంటుంది. నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల జోళ్లు, ఎక్కడ కొంటుందో ఎవరికీ తెలియని సెంటు. ఆమె ఆఫీసు మెట్లెక్కుతుంటే గుమస్తాలు పెన్నులకు మూతలు పెట్టడం మరిచిపోయేవారు. ఉడత కూడా ఒకసారి మరిచిపోయాడు. ఆ రోజు వేసుకున్న చొక్కా సిరా మరకతో ఇంకా ఇంట్లోనే ఉంది.

జుట్టుకు తెల్లరంగు, బుగ్గలో దూది, వంగిన నడుము. ఉడత క్లినిక్ వరండాలో బెంచీ మీద మూలుగుతూ కూర్చున్నాడు. ఒక పంటి మీద తొడిగిన దొంగపన్నులో మైక్రోఫోను ఉంది. టెక్నికల్ సెక్షన్ వాళ్లు దాన్ని ఇస్తూ వేడి కాఫీ తాగొద్దన్నారు. ఎందుకో చెప్పలేదు.

విచిత్రం ఏమిటంటే, అక్కడ ఎవరూ పంటి నొప్పి గురించి మాట్లాడటం లేదు. డాక్టరే బయటికి వచ్చి ఒక్కొక్కరి పక్కన కూర్చుని ఆప్యాయంగా పలకరిస్తున్నాడు. అడిగేవి రెండే ప్రశ్నలు. రేడియోలో ఏం చెప్పారు, విని మీరేం చేశారు. ఉప్పుకు కొరత లేదని చెప్పారు, అందుకే వెంటనే బస్తా కొనిపెట్టానంది ఒక ఆవిడ. తూర్పు రంగంలో మన సేన వ్యూహాత్మకంగా స్థానం మార్చుకుందన్నారు, అందుకే కూతుర్ని అత్తవారింటికి పంపేశానన్నాడు ఒక రిటైర్డు మేష్టారు. అందరూ తలలూపారు. డాక్టరు అందరికన్నా ఎక్కువగా ఊపాడు.

ఉడత వంతు వచ్చింది. నొప్పి ఏ పంటికని డాక్టరు అడిగితే ఏదో ఒకటి చూపించాలి కాబట్టి చూపించాడు. డాక్టరు దాన్ని ఊడబీకాడు. నిక్షేపం లాంటి పన్ను. వేషం చెడుతుందని ఉడత గుడ్ల నీరు కుక్కుకుని ఊరుకున్నాడు. ఆ గందరగోళంలోనే మైక్రోఫోను పన్ను తీసి కుర్చీ చేతి కింద మైనంతో అంటించి బయటపడ్డాడు. దవడకు కట్టుకున్న గుడ్డలో ఇయర్‌ఫోను ఉంది. పన్ను పీకించుకున్నవాడి దవడకట్టును ఎవరు అనుమానిస్తారు? ఎదురుగా బస్సు షెల్టరులో కూర్చుని రక్తం మింగుతూ విన్నాడు.

కాసేపటికి మడమల చప్పుడు. తర్వాత చిలుక గొంతు. ఆరింటి ప్రకటన మీద తమ శాఖ డైరెక్టరు సంతకం పెట్టాడని, స్టాంపు కూడా పడిందని చెబుతోంది. డాక్టరు చదవమన్నాడు.

"నగరానికి ఏ ప్రమాదమూ లేదు. కనుమ దగ్గర మన సేన నిలకడగా ఉంది. ఊరు విడిచి వెళ్లవలసిన అవసరం ఎవరికీ లేదు. దయచేసి ఎవరూ వంతెన వైపు రావద్దు."

డాక్టరు చాలాసేపు నవ్వాడు. "ఒక్క అబద్ధం కూడా లేదు."

"అందుకే ఒక్కడూ నమ్మడు," అంది చిలుక.

కిరోసిన్ నిల్వలు పుష్కలంగా ఉన్నాయని రేడియో చెప్పిన రోజు అమ్మ చేసింది ఉడతకు గుర్తొచ్చింది. ఆ వాక్యం పూర్తికాక ముందే అతని చేతికి డబ్బా ఇచ్చి వీధిలోకి తోసింది. అతను క్యూ చేరేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. ఇది కిరోసిన్ కాదు, ప్రాణాలు. ప్రమాదం లేదు, వంతెన వైపు రావద్దు అని ఆరింటికి చెబితే, ఏడు కొట్టకముందే ఊరంతా పరుపుల్నీ పసిపిల్లల్నీ నెత్తిన పెట్టుకుని వంతెన మీద ఉంటుంది. లారీలు అవతలి ఒడ్డున ఆగిపోతాయి. తమ్ముడు ఖాళీ ఫిరంగి పక్కన నిలబడి తెల్లవారేదాకా ఎదురు చూస్తాడు.

పబ్లిక్ టెలిఫోను నుంచి చీఫ్‌కి ఫోన్ చేశాడు. చీఫ్ మహా హుషారుగా ఉన్నాడు. ముఠా పని అయిపోయిందట. పళ్ల డాక్టరు క్లినిక్‌లోనే ఉన్నాడని, ఇంక వాణ్ణి పట్టుకోవచ్చని చిలుక ఇప్పుడే ఫోన్ చేసి చెప్పిందట. మనవాళ్లు బయల్దేరారట.

"సార్, చిలుక మనది కాదు. పని పూర్తయింది కాబట్టి వాణ్ణి వదిలించుకుంటోంది."

"రుజువు?"

"ఆరింటి ప్రకటన రాసింది ఆవిడే."

"అది ప్రభుత్వ ప్రకటనయ్యా. అందులో తప్పేముంది?"

తప్పేమీ లేదు. అదే తప్పని ఉడత నెత్తీ నోరూ బాదుకుని చెప్పాడు. జనం నమ్మరని రుజువేమిటని చీఫ్ మళ్లీ అడిగాడు. మా అమ్మ, అన్నాడు ఉడత. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

అక్కణ్ణుంచి ఉడత వెళ్లిన ప్రచార శాఖ డైరెక్టరు గదిలో పరిస్థితి ఇంకా బాగుంది. గోడ నిండా పోస్టర్లు, ప్రతి పోస్టరులోనూ నవ్వుతున్న సైనికుడు. డైరెక్టరు కూడా అలాగే నవ్వుతున్నాడు. ప్రకటన కాయితం ముందుకు తోసి, ఇందులో ఒక్క అబద్ధం చూపించండి, ఈ క్షణమే ఆపేస్తానన్నాడు. ఉడత వెతికాడు. దేశంలో గొప్ప అబద్ధాలకోరులతో పనిచేసిన మనిషికి ఆ కాయితంలో ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

"నిజమే సార్. కానీ జనం మనల్ని నమ్మరు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. డైరెక్టరు నవ్వు ఆగిపోయింది. ఇంటింటికీ తిరిగి సర్వే చేయించానన్నాడు. ప్రభుత్వ రేడియోని నమ్ముతున్నారా అని అడిగితే కాదన్నవాడు లేడన్నాడు. అడగడానికి వెళ్లింది ఎవరని ఉడత ఆరా తీశాడు. పోలీసులట, యూనిఫాంలో. ఉడత పళ్లు నూరబోయాడు. ఊడినచోట కలుక్కుమంది. ఇంకేదో చెప్పబోయేలోగా బంట్రోతులు ఇద్దరు అతణ్ణి మర్యాదగా చెరో రెక్కా పట్టుకుని మెట్ల దాకా దిగబెట్టారు.

టెక్నీషియన్ వేషంలో రేడియో స్టేషన్‌లోకి దూరేసరికి బులెటిన్‌కి ఎంతో టైము లేదు. స్టూడియోలో న్యూస్ రీడర్ గోరువెచ్చని నీళ్లు పుక్కిలిస్తున్నాడు. ఆయన గొంతు వల్ల ఊరంతా ఆయన్ని గంభీరంగారంటుంది. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. అద్దం ఇవతల కంట్రోల్ రూంలో, ఇంజినీరు పక్క కుర్చీలో, కాలు మీద కాలేసుకుని చిలుక కూర్చుని ఉంది. ప్రకటన సరిగ్గా వెళ్లేలా చూడమని డైరెక్టరే పంపాడు.

వేషం ఆమె ముందు ఒక్క క్షణం నిలవలేదు.

"దవడ వాచిందేంటండీ?" అంది. "డాక్టరుగారి చెయ్యి కాస్త మొరటు."

"ఈ ప్రకటన వెళ్లదు."

"ఆపండి, మిమ్మల్ని ఎవరొద్దన్నారు? ఆరింటికి రేడియో మూగబోతే జనం ఇంకా ముందే పరిగెడతారు. చదివినా పరుగే, చదవకపోయినా పరుగే." నల్ల కళ్లద్దాలు తీసి అతని వంక జాలిగా చూసింది. "నేనేం చేశానని నా మీద కోపం? మీవాళ్లు యుద్ధం మొదలైనప్పట్నుంచీ కష్టపడి ఒక ఊరికి నమ్మకం లేకుండా చేశారు. నేను దాన్ని వాడుకున్నాను, అంతే."

ఆమె మాటల్లోనూ అబద్ధం లేదు. అదే ఉడతకు ఒళ్లు మండించింది. ఈ రోజంతా నిజం చెప్పినవాళ్లే అతణ్ణి ఓడిస్తున్నారు.

అద్దం తలుపు తోసుకుని గంభీరంగారి దగ్గరకు వెళ్లాడు. నేను చెప్పింది చదవండి, వంతెన మీదకు లారీలు రావాలి, మీ కాళ్లు పట్టుకుంటానన్నాడు. గంభీరంగారు పెద్దమనిషి తరహాలో విన్నారు. సంతకం, స్టాంపు ఉన్న కాయితమైతే ఏదైనా చదువుతానన్నారు. అవి లేకపోతే సొంత తల్లి పోయిన వార్తయినా చదవనన్నారు.

"స్టాంపుంటే చాలా? ఏదైనా ఫరవాలేదా?"

"నాయనా, స్టాంపుంటే నేను అర్థం గురించి ఆలోచించను. అందుకే ఇన్నాళ్లు ఉద్యోగంలో ఉన్నాను."

ఆయన వెనక గోడకు ఒక చెక్క అర. శాఖలన్నీ పంపిన ప్రకటనలు అందులో కుక్కి ఉన్నాయి. అన్నిటికీ సంతకాలున్నాయి, స్టాంపులున్నాయి. టైము చాలక ఎప్పుడూ చదవనివి. ఉడత రెండు చేతులతో కలియబెట్టాడు. దోమల నివారణ. చిన్న మొత్తాల పొదుపు. టీకాలు. రేషను కార్డుల రెన్యువల్. గడియారం ముల్లు ఆరుకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. రవాణా శాఖ స్టాంపుతో ఒకటి చేతికి తగిలింది. మొదటి వాక్యం చదివి ఆగిపోయాడు. ఇంజినీరు చెయ్యెత్తాడు. ఎర్ర బల్బు వెలిగే లోపల గంభీరంగారి ముందున్న కాయితం లాగేసి ఆ చోట దీన్ని పెట్టాడు. గంభీరంగారు స్టాంపు చూసుకున్నారు. సంతకం చూసుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"పౌరులకు విజ్ఞప్తి. నది మీద వంతెన ప్రయాణానికి పూర్తిగా సురక్షితం. అవతలి ఒడ్డున విశ్రాంతి గృహాలు, ఉచిత వైద్యం, పిల్లలకు ఉయ్యాలలు ఏర్పాటు చేయబడ్డాయి. రవాణా సౌకర్యాలు పుష్కలం. పౌరులందరూ కుటుంబాలతో సహా వంతెన దాటి ఈ సౌకర్యాలను వినియోగించుకోవలసిందిగా కోరుతున్నాము."

అద్దం అవతల చిలుక మొహంలో నవ్వు ఆరిపోయింది. ఊరి మనసు ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కాబట్టి, ఏం జరగబోతోందో కూడా ఆమెకే ముందు తెలిసింది. లేచి మెయిన్ స్విచ్ వైపు దూకింది. ఉడత కంట్రోల్ రూంలోకి ఉరికి స్విచ్ పెట్టెకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసి అతని గుండెకు గురిపెట్టి అడుగున నొక్కింది.

టిక్కుమంది. అంతే.

"అందులో పట్టేది ఒకటే తూటా," అన్నాడు ఉడత. అన్నాడే గానీ ఆ క్షణం దాకా అతనికీ నమ్మకం లేదు. "అది పొద్దున గడియారాల కొట్లో ఖర్చయిపోయింది."

ఇంజినీరూ, అలికిడి విని పరిగెత్తుకొచ్చిన వాచ్‌మన్లూ కలిసి ఆమె చేతులు పట్టుకున్నారు. నిజం రాసినందుకు ఏ చట్టమూ ఆమెను ఏమీ చేయలేకపోయేది. హత్య చేసినందుకు మాత్రం చేస్తుంది. వెళుతూ వెళుతూ, ఆ చదివినదాంట్లో ఒక్క ముక్కైనా నిజముందా అని అడిగింది. ఉయ్యాలలు ఉన్నాయేమో, తెలియదన్నాడు ఉడత.

ఊళ్లో అప్పటికే సగం ఇళ్లలో మూటలు కట్టి సిద్ధంగా ఉన్నారు. గుమ్మాల్లో నిలబడి బులెటిన్ విన్నారు. వంతెన సురక్షితం అన్న మాటకు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పుష్కలం అన్న మాటకు మూటలు లోపల పెట్టారు. ఉయ్యాలలు అనేసరికి తలుపులు గడియలు పడ్డాయి. వంతెన దగ్గర ఏదో ఘోరం జరిగి ఉంటుందని, ప్రభుత్వం మనల్ని అటు తోలుతోందని వీధి వీధంతా తేల్చేసింది. చీకటి పడుతుండగా లారీలు వచ్చేసరికి వంతెన మీద ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. అది కూడా పక్కకు తప్పుకుంది.

తెల్లవారుజామున శత్రువు కనుమ మీదకు వచ్చాడు. గుండ్లు అయిపోయి ఉంటాయని ధీమాగా వచ్చి, అవి పడటం మొదలయ్యాక వచ్చిన దారినే పోయాడు. చీఫ్ దయతలచి ఫీల్డ్ టెలిఫోను ఇప్పిస్తే ఉడత తమ్ముడితో మాట్లాడాడు. ఒక్క గీతైనా పడలేదట. సబ్బులూ మేజోళ్లూ పంపమన్నాడు. ఉడత గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

పతకం ప్రచార శాఖ డైరెక్టరుకు వచ్చింది. ప్రజలు ఇళ్లు కదలకుండా చూపిన నిబ్బరం రేడియో మీద వాళ్లకున్న విశ్వాసానికి నిదర్శనమని ఉత్తర్వులో రాశారు. అది చదివి ఉడత కాయితం బల్ల మీద పడేసి లేచాడు. తర్వాత ఇంటికి బయల్దేరాడు.

వీధి మలుపులోనే ఏడుపు వినిపించింది. అమ్మ నేల మీద కూలబడి తల కొట్టుకుంటోంది. మరదలు గోడకు చేరగిలబడి కూర్చుంది. బల్ల మీద రేడియోలో గంభీరంగారు రెండోసారి చదువుతున్నారు. కనుమ దగ్గర ఘనవిజయం, మనవాళ్లలో ఒక్కరికీ చిన్న గాయం కూడా కాలేదు.

"చిన్నాడు పోయాడురా," అంది అమ్మ. "చిన్న గాయం కూడా కాలేదంటున్నారు. ఇంకేం మిగిలుంటుంది?"

వాడు క్షేమంగా ఉన్నాడమ్మా అన్నాడు. నీకెలా తెలుసంది. ఫీల్డ్ టెలిఫోనులో మాట్లాడానని ఇన్సూరెన్సు ఏజెంటు ఎలా చెబుతాడు? తడబడి, రేడియోలో చెప్పారుగా అన్నాడు. అమ్మ ఏడుపు రెట్టింపైంది. మరదలు కూడా అందుకుంది. ఒట్టేశాడు, బతిమాలాడు, కసిరాడు. గోడకు చెప్పుకున్నట్టే ఉంది. శత్రు ముఠాను పట్టుకున్నవాడు, ఊరు ఊరంతా ఇల్లు కదలకుండా ఆపినవాడు, కన్నతల్లికి ఒక నిజం అప్పజెప్పలేక చెమటలు కక్కాడు.

చివరికి ఆమె పక్కన చతికిలబడి గొంతు తగ్గించాడు.

"ఇంక దాచడం నావల్ల కాదమ్మా. వాడి కాలు విరిగింది. ఆస్పత్రిలో ఉన్నాడు."

ఏడుపు ఆగింది.

"ఏ కాలు?"

"ఎడమ కాలు."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని గట్టిగా ఊపిరి తీసుకుంది. "అలా చెప్పు మరి. ఆ మాట రాగానే చెబితే నీ సొమ్మేం పోయింది? ఇందాకట్నుంచి ప్రాణం తీస్తున్నావు." రేడియో కట్టేసి, లేచి, బావగారికి కంచం పెట్టమని మరదలికి చెప్పింది. మరదలు మొహంలోకి కూడా రక్తం వచ్చింది.

ఆ రాత్రి హెడ్‌క్వార్టర్స్ నుంచి కనుమకు అత్యంత రహస్యమైన కోడ్‌లో ఒక ఆదేశం వెళ్లింది. ఫిరంగి దళంలోని ఫలానా జవాను సెలవు మీద ఇంటికి వచ్చేటప్పుడు, దేశ భద్రత దృష్ట్యా, ఎడమ కాలు కుంటుతూ రావలెను.